మొహం చివర, మ్యాచ్ మొదట: రెజ్లింగ్ గేముల్లో సొంత రెజ్లర్‌ను తయారుచేయడం ఎలా?

నేను మొట్టమొదట తయారుచేసిన రెజ్లర్ మొహం మీద నాలుగు గంటలు కూర్చున్నాను. కనుబొమల మధ్య ముడత, ముక్కు మీద పాత దెబ్బ గుర్తు, కింది పెదవి వంపు, అన్నీ ఓపికగా దిద్దాను. తీరా మ్యాచ్ మొదలయ్యాక చూస్తే కెమెరా రింగుకు ఒక పక్కన, ఎక్కడో దూరంగా ఉంది. పన్నెండు నిమిషాల్లో నాకు కనిపించింది అతని వీపు, మోకాళ్ళు, రెండుసార్లు చెవి. పోనీ ఆటైనా కొత్తగా ఉందా అంటే, కొట్టినవన్నీ గేములో ముందే ఉన్న ఏ రెజ్లర్ అయినా కొట్టే దెబ్బలే. నాలుగు గంటలు కుట్టింది చొక్కానే. అది తొడుక్కోవడానికి మనిషి లేడు.

అందుకే ఇక్కడ చెప్పే వరుస గేము మెనూల వరుసకు తలకిందులుగా ఉంటుంది. మెనూలు సాధారణంగా మొహంతో, ఒంటితో మొదలై దెబ్బల దగ్గరికి చివర్లో వస్తాయి. అప్పటికి మీకు ఓపిక అయిపోతుంది. మనం మొహాన్ని చివరికి నెడదాం. డబ్ల్యూడబ్ల్యూఈ 2కె అయినా, ఫైర్ ప్రో రెజ్లింగ్ వరల్డ్ అయినా, ఫోనులో ఆడే రెజ్లింగ్ ఎంపైర్ అయినా ఈ పద్ధతి పనికివస్తుంది. మెనూల పేర్లే కాస్త మారతాయి.

ఈ సదుపాయం కొత్తదేమీ కాదు. 1998 నాటి వార్ జోన్ గేములోనే సొంత రెజ్లర్‌ను తయారుచేసుకునే వీలు ఉంది. 2000లో వచ్చిన నో మెర్సీని ఇప్పటికీ అభిమానులు ఇందుకోసమే తలుచుకుంటారు. డబ్ల్యూడబ్ల్యూఈ 2కె15 అప్పటి కొత్త కన్సోళ్ళ మీదికి వచ్చినప్పుడు సృష్టి విభాగాన్ని బాగా కత్తిరించారు. మహిళా రెజ్లర్‌ను తయారుచేసే వీలు కూడా లేకుండా పోయింది. బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ఆ లోటును అభిమానులు అంత తేలిగ్గా క్షమించలేదు.

ముందు కాగితం

గేము తెరవకముందే నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. ఈ మనిషి రింగులోకి రాకముందు ఏం చేసేవాడు? ఎలా గెలుస్తాడు? ఎలా ఓడిపోతాడు? చచ్చినా చేయని పని ఏమిటి?

మూడో ప్రశ్న దగ్గర చాలామంది కలం ఆగిపోతుంది. తాము పుట్టించినవాడు ఓడిపోవడం ఎవరికి ఇష్టం? కానీ ఊపిరి అందక ఓడిపోయేవాడు, కోపంతో ఒళ్ళు మరిచి దొరికిపోయేవాడు, పాత నడుము నొప్పి తిరగబెట్టి ఓడిపోయేవాడు ముగ్గురూ మూడు రకాల మనుషులు. తర్వాత అంకెలు వేసేటప్పుడు మీకు దారి చూపేది ఈ జవాబే.

ఉదాహరణకు ఒకణ్ణి ఇక్కడే తయారుచేద్దాం. పేరు కమ్మరి. ఇరవై ఏళ్ళు కొలిమి ముందు సుత్తి ఎత్తి దించినవాడు. ముంజేతులు లావు, మెడ పొట్టి, కాళ్ళు మామూలు. ప్రత్యర్థి మెడ మీద ముంజేత్తో పదేపదే కొట్టి, చివరికి ఒకే ఒక్క లారియట్‌తో, అంటే చాపిన చేత్తో మెడకు అడ్డంగా కొట్టే దెబ్బతో పడగొడతాడు. ఆయాసంతో ఓడిపోతాడు. మ్యాచ్ సాగేకొద్దీ చేతులు లేవవు. తాళ్ళ మీదినుంచి చచ్చినా దూకడు.

పేరు విషయంలో ఒక చిన్న జాగ్రత్త. 2కె గేముల్లో అనౌన్సర్ పలికే పేర్లు ముందే రికార్డు చేసి పెట్టినవి. మీరు టైపు చేసిన పేరు తెర మీద కనిపిస్తుంది గానీ, జాబితాలో లేకపోతే నోటితో పలకరు. పేరు ఖాయం చేసుకునే ముందు ఆ జాబితా ఒకసారి తిరగేయండి. దగ్గరి అర్థమున్న బిరుదు దొరికితే అనౌన్సర్ చేత దాన్ని పిలిపించవచ్చు.

ఒళ్ళు

ఇక గేము తెరవండి. ఒంటి దగ్గర చూడవలసింది ఆకారం. మనిషిని పూర్తిగా నల్లగా నింపేసి చూసినా ఫలానావాడని తెలియాలి. పేరున్న రెజ్లర్లనే చూడండి, అండర్‌టేకర్ టోపీ, పొడవాటి కోటు, ఆంద్రే ద జెయింట్ ఒంటిభుజం దుస్తు, రే మిస్టీరియో ముసుగు నీడలో కూడా గుర్తుపట్టవచ్చు. కొలతలు పెంచి తగ్గించే స్లైడర్లు కదిపిన ప్రతిసారీ కెమెరాను వీలైనంత వెనక్కి లాగి చూడండి. దగ్గర నుంచి గొప్పగా కనిపించిన తేడా దూరం నుంచి కనిపించకపోతే దాన్ని వదిలేయండి.

కమ్మరికి ముంజేతుల స్లైడరు బాగా పెంచాను, మెడ కురచ చేశాను, భుజాలు కొంచెం ముందుకు వంచాను. అంతే. మిగతా అంతా మామూలు మనిషి. అన్నీ పెంచితే ఏదీ పెరిగినట్టు ఉండదు.

స్లైడర్లను చివరిదాకా లాగకండి. పట్లు, విసుర్లు అన్నీ మామూలు కొలతలున్న ఎముకల గూడును దృష్టిలో పెట్టుకొని చేసినవి. చేతులు మరీ పొడవైతే ప్రత్యర్థి మెడను పట్టుకోవలసిన చెయ్యి మెడలోంచి దూసుకుపోతుంది. ఛాతీ మరీ పెద్దదైతే తలను చంకలో బిగించే హెడ్‌లాక్ వేసినప్పుడు ప్రత్యర్థి తల అందులో మునిగిపోతుంది.

ఎత్తు, బరువు దగ్గర ఇంకో సంగతి. రెజ్లింగ్‌లో ప్రకటించే కొలతలు ఎప్పుడూ కాస్త ఉదారంగానే ఉంటాయి. ఆంద్రేను 7 అడుగుల 4 అంగుళాలు, 520 పౌండ్లు అని పరిచయం చేసేవారు. ప్రేక్షకులు ఆ అంకెలను ముచ్చటగా విని ఊరుకుంటారు. గేము మాత్రం మీరిచ్చిన అంకెను అక్షరాలా నమ్ముతుంది. 2కె గేముల్లో బరువు తరగతిని బట్టే ఎవరు ఎవరిని ఎత్తగలరో తేలుతుంది. గొప్ప కోసం మీవాడికి 200 కిలోలు పెడితే సగం మంది వాణ్ణి ఎత్తలేరు, మ్యాచ్‌లు చప్పబడతాయి. కమ్మరికి 115 కిలోలు చాలు.

దెబ్బల జాబితా

అసలు పని ఇక్కడ ఉంది. మీకు మూడు గంటలుంటే రెండు గంటలు దీనికే ఇవ్వండి.

గేములు దెబ్బలను సందర్భాల వారీగా అడుగుతాయి. ప్రత్యర్థి ఎదురుగా నిలబడి ఉంటే, వెనక్కి తిరిగి ఉంటే, మూలలో ఆనుకొని ఉంటే, నేల మీద పడి ఉంటే, తాళ్ళకు తగిలి తిరిగి వస్తుంటే, ఇలా పదుల కొద్దీ గళ్ళు. ఖాళీ జాబితాతో మొదలుపెడితే విసుగొచ్చి మధ్యలో వదిలేస్తారు. మీ పాత్రకు దగ్గరగా ఉన్న రెజ్లర్ జాబితాను అరువు తెచ్చుకొని, అందులో నప్పనివి ఒక్కొక్కటే పీకేయండి. పీకేయడం ముఖ్యం. కమ్మరి జాబితాలోంచి నేను మొదట తీసేసినవి ఎగిరి రెండు కాళ్ళతో తన్నే డ్రాప్‌కిక్కులు, తర్వాత కాళ్ళతో మెడను బంధించే విసుర్లు.

ఇక ఒక శరీర భాగాన్ని ఎంచుకోండి. రెజ్లర్ రిక్ ఫ్లెయిర్ కాళ్ళను మెలిపెట్టే ఫిగర్ ఫోర్ పట్టు వేయబోతున్నాడంటే అంతకుముందు చాలాసేపు ప్రత్యర్థి కాలి మీదే పడి ఉండేవాడు. బ్రెట్ హార్ట్ నడుమును వెనక్కి విరిచే షార్ప్‌షూటర్ పట్టడానికి ముందు నడుమును మెత్తబరిచేవాడు. చివరి పట్టు బిగిసే సమయానికి ప్రేక్షకులకు దాని కారణం ముందే తెలిసి ఉంటుంది. మీ జాబితాలో కూడా ఆ కారణం కనిపించాలి. కమ్మరి గురి మెడ మీద ఉంది కాబట్టి తేలికపాటి పట్లలో హెడ్‌లాక్, మెడ వెనక మోచేతి దెబ్బ పెట్టాను. బరువైన పట్లలో మెడ పట్టి పడేసే నెక్‌బ్రేకర్లు రెండు రకాలు, మూలలో వరుసగా ముంజేతి దెబ్బలు, నేల మీద మెడను వెనక్కి విరిచే చిన్‌లాక్. ప్రతి గడిలోనూ మెడ అక్కర్లేదు. పదింట ఆరు ఉంటే చూసేవాళ్ళకు అర్థమవుతుంది. మిగతా నాలుగు ఎత్తి పడేసే మామూలు స్లామ్‌లతో నింపండి, లేకపోతే మనిషి మర బొమ్మలా తయారవుతాడు.

చాలామంది గమనించని సూత్రం ఒకటుంది. ఫినిషర్‌ను, అంటే మ్యాచ్ ముగించే చివరి దెబ్బను పోలిన దెబ్బ జాబితాలో మరెక్కడా ఉండకూడదు. కమ్మరి ఫినిషర్ లారియట్. గేము ఇచ్చిన మామూలు జాబితాలో పరుగెత్తే దెబ్బల్లో రెండు క్లోత్స్‌లైన్లు, తాళ్ళ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒకటి, మూలలో ఒకటి ఉన్నాయి. నాలుగుసార్లు చెయ్యి చాపి కొట్టిన తర్వాత అయిదోసారి అదే చెయ్యి చాపి మ్యాచ్ గెలిస్తే ఎవరు నమ్ముతారు? నాలుగూ తీసేసి, వాటి స్థానంలో భుజంతో గుద్దే దెబ్బలు పెట్టాను. ఆ ఒక్క మార్పుతో లారియట్ బరువు పెరిగింది.

ఫినిషర్‌కు ముందు వేసే సొంత ముద్ర దెబ్బ, అంటే సిగ్నేచర్ మూవ్ నుంచి ఫినిషర్‌కు దారి సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోవాలి. నేను మొదట సిగ్నేచర్‌గా ఒక నెక్‌బ్రేకర్ పెట్టాను. అది పడ్డాక ప్రత్యర్థి వెల్లకిలా నేల మీద ఉంటాడు. లారియట్‌కు అతను నిలబడి ఉండాలి. అంటే వంగి, జుట్టు పట్టుకొని లేపి, నిలబెట్టి, అప్పుడు కొట్టాలి. ఆ లేపే రెండు క్షణాల్లో ప్రత్యర్థి తేరుకొని చెయ్యి విదిలించేసేవాడు. ఫినిషర్ పడకుండానే సగం మ్యాచ్‌లు ముగిసేవి. తర్వాత సిగ్నేచర్‌ను మూలలో వరుస ముంజేతి దెబ్బలుగా మార్చాను. అది తిన్న ప్రత్యర్థి తూలుతూ మూలలోంచి బయటికి వస్తాడు, నిలబడే ఉంటాడు, ఎదురుగా కమ్మరి. మీరు ఎంచుకున్న ప్రతి సిగ్నేచర్‌కూ ప్రివ్యూలో చివరి క్షణం చూడండి. ప్రత్యర్థి ఎక్కడ, ఏ భంగిమలో మిగిలాడో ఫినిషర్ అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఒకే దెబ్బకు గేములో అయిదారు రూపాలుంటాయి. వాటి మధ్య తేడా ఎక్కువగా దెబ్బ కొట్టాక లేచే తీరులో ఉంటుంది. ఒకడు గంతేసి లేస్తాడు, ఒకడు మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తాడు. ఆయాసపడే కమ్మరికి రెండోదే కావాలి.

అంకెలు

ఇక్కడ చేతులు దురద పెడతాయి. అన్నిటికీ 95 ఇచ్చేద్దామనిపిస్తుంది. నేనూ ఇచ్చాను. వారం రోజుల్లో ఆ రెజ్లర్ అంటే నాకే మొహం మొత్తింది. అతనికి కష్టమనేదే లేదు.

కాగితం మీది మూడో ప్రశ్న జవాబు తీసుకోండి. ఆయాసంతో ఓడిపోతాడన్నాం కాబట్టి కమ్మరికి స్టామినా 55. చేతి బలం 92, కాలి బలం 60, చురుకుదనం 48, దెబ్బ తట్టుకునే శక్తి 85. రెండు గట్టి గుణాలు, మూడు నిజమైన లోపాలు, మిగతావి నడిమిరకం. గేములో ముందే ఉన్న ఒక మధ్యస్థాయి రెజ్లర్ అంకెలను పక్కన పెట్టుకొని పోల్చి చూస్తూ వేయండి. విడిగా చూస్తే ఏ అంకెకూ అర్థం లేదు.

కంప్యూటర్ బుద్ధి

కంట్రోలర్ మీ చేతిలో లేనప్పుడు మీ రెజ్లర్ ఏం చేస్తాడన్నది ఇక్కడ తేలుతుంది. 2కె గేముల్లో ఇది కొన్ని అలవాట్ల స్లైడర్లతో సరి. ఫైర్ ప్రోలో మాత్రం ఇదే ప్రాణం. అందులో మొహాలు చిన్న రెండు కొలతల బొమ్మలు. కానీ ప్రత్యర్థికి తగిలిన దెబ్బల స్థాయిని బట్టి ఏ సందర్భంలో ఏ దెబ్బ నూటికి ఎన్నిసార్లు వేయాలో మీరే రాయవచ్చు. ప్రత్యర్థి తాజాగా ఉన్నప్పుడు లారియట్‌కు సున్నా ఇవ్వండి. మధ్యస్థంగా అలిసినప్పుడు 5, బాగా అలిసినప్పుడు 30. సున్నా ఇచ్చే ధైర్యం లేకపోతే మొదటి నిమిషంలోనే మీవాడు తన చివరి అస్త్రం తీస్తాడు. ఒక దెబ్బ వెంటనే ఫలానా దెబ్బ వేయమని జత కట్టే వీలు కూడా ఉంది. రెండు జతలు చాలు, అంతకు మించితే మ్యాచ్ బట్టీ పట్టిన పాఠంలా సాగుతుంది.

దుస్తులు

రంగులు మూడు దాటనివ్వకండి. బ్రెట్ హార్ట్ అనగానే గులాబీ, నలుపు గుర్తొస్తాయి, చాలు. కమ్మరికి బొగ్గు నలుపు, తోలు గోధుమ, ఎక్కడో ఒకచోట నిప్పు నారింజ. రింగులోకి నడిచి వచ్చేటప్పుడు తోలు ఏప్రాన్, మ్యాచ్‌లో అది ఉండదు. ప్రవేశానికి వేరే దుస్తులు పెట్టే వీలుంటే తప్పక వాడుకోండి.

బొమ్మలు, అక్షరాలు అతికించేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, కొన్ని భాగాల మీద ఒక వైపు అతికించింది రెండో వైపు అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది. గుర్తుకు పరవాలేదు గానీ అక్షరాలైతే వెక్కిరిస్తాయి. రెండు, మీరు సొంతంగా గీసిన గుర్తును పీఎన్‌జీగా, వెనక భాగం పారదర్శకంగా ఉంచి దాచుకోండి. జేపీజీలో పారదర్శకత ఉండదు, గుర్తు చుట్టూ తెల్లటి పెట్టె వస్తుంది. పొరల వరుస కూడా గమనించండి. బెల్టు మీద వేసిన పచ్చబొట్టు పొర చూసి నవ్వుకున్నాను ఒకసారి.

ఇప్పుడు మొహం

అరగంట ఇవ్వండి. దగ్గరగా ఉన్న ఒక అచ్చు ఎంచుకొని, ముందు పక్కనుంచి చూడండి. నుదురు, ముక్కు, గడ్డం గీత పక్కనుంచి కుదిరితే ఎదురుగా సగం పని అయిపోయినట్టే. ఎడమ, కుడి అచ్చంగా ఒకేలా ఉంటే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది కాబట్టి వీలుంటే ఒక కనుబొమను కాస్త దించండి. తయారుచేసే గదిలోని వెలుతురును నమ్మకండి. మైదానంలో దీపాలు నెత్తిమీద నుంచి పడతాయి, చర్మం మెరుపు ఎక్కువైతే మనిషి నూనె పూసుకున్నట్టు ఉంటాడు. ఫొటో ఎక్కించే పక్షంలో నీడలు లేని, ఎదురుగా తీసిన ఫొటో కావాలి. అది మీ స్నేహితుడిదైతే అతణ్ణి అడిగాకే నలుగురికీ పంచండి.

ప్రవేశానికి ఒక్క చేష్ట చాలు. అండర్‌టేకర్ చేతులు పైకెత్తితే దీపాలు వెలిగేవి, జనానికి అదే గుర్తుండిపోయింది. కమ్మరి మెట్ల దగ్గర ఆగి ఎడమ అరచేతిలో కుడి పిడికిలితో రెండుసార్లు కొడతాడు.

చేతులు కట్టుకొని చూడండి

తయారైంది కదా అని వెంటనే ఆడకండి. మీరు ఆడితే మీ అలవాట్లే కనిపిస్తాయి. కంప్యూటరు చేతనే ఇద్దరినీ ఆడించి చూడండి. ఒక మ్యాచ్ తనకంటే పెద్దవాడితో, ఒకటి ఎగిరే తేలికపాటి వాడితో, ఒకటి తనలాంటి వాడితో. కాగితం పక్కన పెట్టుకొని వింతగా కనిపించినవన్నీ రాయండి. ఆ తర్వాత ఒకసారికి ఒకటే మార్చండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నా మొదటి పరీక్షలో కమ్మరి మూడు మ్యాచ్‌ల్లోనూ పైతాడు ఎక్కాడు. తాళ్ళ మీదినుంచి చచ్చినా దూకడని రాసుకున్నవాడు! వెతికితే, అరువు తెచ్చుకున్న జాబితాలో పైతాడు మీద ఒక ఫినిషర్ మిగిలిపోయింది. అవకాశం దొరికినప్పుడల్లా కంప్యూటరు దానికోసమే ఎక్కిస్తోంది. దాన్ని తీసేసి, పైకెక్కే అలవాటు స్లైడరును పూర్తిగా దించాను. రెండో పరీక్షలో కాళ్ళు నేల మీదే ఉన్నాయి. కానీ ఎగిరే కుర్రాడి చేతిలో రెండుసార్లు చిత్తుగా ఓడిపోయాడు, ఆయాసంతోనే. అది మార్చలేదు.

దాచుకోవడం

నలుగురికీ పంచాలనుకుంటే వెతికేవాళ్ళు టైపు చేసే మామూలు మాటలనే ట్యాగులుగా పెట్టండి. పంచినంత మాత్రాన భద్రమనుకోకండి. పాత గేముల ఆన్‌లైన్ సర్వర్లను కొన్నేళ్ళకు మూసేస్తారు, ఒక ఎడిషన్‌లో చేసినవాడు మరుసటి ఎడిషన్‌కు సాధారణంగా తనంతట తాను రాడు. ఒకసారి సేవ్ ఫైలు పాడై పదకొండు మందిని ఒకే రాత్రి పోగొట్టుకున్నాక నాకు బుద్ధి వచ్చింది. ఇప్పుడు ప్రతి స్లైడరు పేజీకీ ఫొటో తీసుకుంటాను, దెబ్బల జాబితాను నోటుపుస్తకంలోకి ఎక్కిస్తాను, రంగుల అంకెలు కూడా.

కమ్మరిని ఇప్పటికి మూడు గేముల్లోకి తెచ్చాను. మూడోసారి నోటుపుస్తకం చూసి గంటలోపే పూర్తయ్యాడు. ముక్కు మాత్రం ప్రతిసారీ కాస్త వేరుగా వచ్చింది. ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.